ఎడమచేతి ప్యాకింగ్

ఆగస్టు 21, 2004. శనివారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి గెలికినట్టుంది.

ఆగస్టు 22, ఆదివారం

కుడి మణికట్టు విరిగింది. సిమెంటు పట్టీ వేశారు. ఆరు వారాలు.

ఆగస్టు 23, సోమవారం

రోజూ రాస్తే ఎడమ చెయ్యి దారికొస్తుంది. దారికొస్తే ప్యాకింగ్ కోస్తుంది. ప్యాకింగ్ కోస్తే దుకాణం ఉంటుంది. ఇవాళ్టికి చాలు, వేళ్ళు లాగుతున్నాయి.

ఆగస్టు 25, బుధవారం

ఈ డైరీ ఎరువుల దుకాణం వాళ్ళు ఎప్పుడో ఇచ్చింది. 2001ది. అందులోని వారాలు కొట్టేసి ఇప్పటివి వేసుకుంటున్నాను. ఈ పేజీ పొద్దున మొదలుపెడితే అయ్యేసరికి మధ్యాహ్నమైంది. వేరే పనేమీ లేదు కాబట్టి సరిపోయింది.

చెయ్యి ఎట్లా విరిగిందని దారిన పోయే ప్రతివాడూ అడుగుతున్నాడు. గిరాకీ లేదు, ఎవరి కళ్ళో పడ్డాయి అనుకుని షట్టరుకు నిమ్మకాయ, మిరపకాయలు కడదామని స్టూలెక్కాను. నిమ్మకాయ అక్కడే ఉంది, నేను కింద పడ్డాను. అంతే కథ.

గిరాకీ తగ్గడానికి దిష్టి కారణం కాదని నాకూ తెలుసు. మొయినాబాద్ దిక్కు పొలం ఫామ్‌హౌసుకు అమ్ముకున్న ప్రతివాడి ఇంటి ముందూ కొత్త బండి. కొత్త బండికి షోరూములో సర్వీసు. చల్లటి గదిలో కూర్చోబెట్టి టీ కూడా ఇస్తారట. ఇక నా దగ్గరికి వచ్చేవి ముసలి బండ్లే. వాటికి బజారులో సామాను దొరకదు. అట్లాంటి బండికి చేవెళ్ళలో ఉన్నది ఒక్కడే, నాగేందర్ మిస్త్రి. ఇంజను కవరు మీద మందపాటి కాగితం షీటు పరిచి, అంచుల వెంట సుత్తితో సన్నగా కొట్టుకుంటూ పోయి, రెండు ఇనుప ముక్కల నడుమ వేసే ప్యాకింగ్ తీస్తాడు, చుక్క నూనె కారదు. పంతొమ్మిదేళ్ళుగా నా పేరు అదే. ఆ సుత్తి పట్టే చెయ్యి ఇప్పుడు మెడకు వేలాడుతోంది.

సాయంత్రం గోవర్ధన్ వచ్చాడు. మా ఆవిడ ఉమకు తమ్ముడు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ బిల్డింగులకు సెక్యూరిటీ గార్డులను పెట్టే కంపెనీలో సూపర్‌వైజర్. నడుముకు సెల్‌ఫోను, మాట్లాడేటప్పుడు చెయ్యి దాని మీదే.

"బావా, చవితి కాంగనే కొత్త బిల్డింగు తెరుస్తున్రు. నలభై మంది గార్డులు కావాలె. నీ పేరు చెప్పిన. కుర్సీల కూసునుడే పని. చవితి లోపల నాకు జవాబు చెప్పు."

"చెయ్యి విరిగినోన్ని పెట్టుకుంటరా?"

"చెయ్యితోటేం పని బావా? టోపీ పెట్టుకుంటానికి తల ఉంటే చాలు."

నవ్వాడు. నేనూ నవ్వాను. వాడు బస్సెక్కాక నవ్వు ఆగిపోయింది.

ఆగస్టు 26, గురువారం

ఉద్యోగం మంచిదే. ఎండ లేదు, మసి లేదు. ఉమను అడిగితే "నీ ఇష్టం" అంది. నాకేం బాధ లేదు.

ఆగస్టు 27, శుక్రవారం

బాధేం లేదు.

ఆగస్టు 28, శనివారం

హన్మంతన్న వచ్చాడు. శంకర్‌పల్లి దిక్కు ప్రొద్దుటూరులో బంతి, చామంతి పండిస్తాడు. రోజూ తెల్లారకముందే రెండు గోనెసంచుల పూలు పాత ఎజ్డి మీద వేసుకుని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతాడు. ఇరవై ఏళ్ళ బండి. నేను పడ్డ రోజుకు ముందే దాని ఇంజను విప్పి బల్ల మీద పెట్టాను. అది ఇంకా అట్లానే ఉంది, పైన సంచి కప్పుకుని.

"నాగేందర్, చవితి మూడు వారాలున్నది. నా పూలన్ని ఆ నాలుగు దినాల మీదనే ఉన్నయ్. బండి లేకుంటే బంతిపూలకు బస్సుల టికెట్ కొనాల్నా?"

"ఫికర్ జెయ్యకు హన్మంతన్నా. వారంల ఇస్త."

"చెయ్యి అట్లున్నది గదా?"

"ఇంకో చెయ్యి ఉన్నది గదా!"

అన్నానే గాని, అతను పోగానే సంచి తీసి ఇంజను చూసుకున్నాను. విప్పేటప్పుడు పాత ప్యాకింగులు అటుకుల్లాగా రాలిపోయాయి. ఈ బండికి సామాను రావడం ఆగిపోయి ఎనిమిదేళ్ళు. పాత బండ్ల సామాను అమ్మే పుత్లీబౌలికి కబురు పంపితే అక్కడా లేవన్నారు. కోస్తే నేనే కోయాలి.

ఒక్క మాట మాత్రం రాసి పెట్టుకుంటున్నాను. హన్మంతన్న బండి చవితి లోపల నడిస్తే దుకాణం ఉంచుతాను. నడవకపోతే గోవర్ధన్‌కు సరే అంటాను. ఇది ఉమకు చెప్పలేదు.

ఆగస్టు 29, ఆదివారం

ఎడమ చేత్తో సుత్తి పట్టాను. జారి కవరు అంచుకు తగిలింది. చిన్న గంటు. ఆకురాయితో రుద్దితే పోతుంది.

మళ్ళీ పట్టాను. ఇంకో గంటు.

ఆగస్టు 30, సోమవారం

మా దుకాణం ఒకే గది. ముందు సగం నాది, వెనక సగం ఉమది. మధ్యలో ఆమె పాత చీర పరదాగా కట్టాం, నా నూనె చుక్కలు ఆమె జాకెట్టు గుడ్డల మీద పడకుండా. శ్రావణం పెళ్ళిళ్ళు కదా, ఆమె వైపు గుడ్డలు గుట్టలుగా ఉన్నాయి. నా వైపు ఈగలు.

మధ్యాహ్నం ఉమ పరదా తప్పించుకుని వచ్చి నేను కోసిన ముక్క చేతిలోకి తీసుకుంది.

"గిదేంది, అప్పడమా?"

నాకు ఒళ్ళు మండింది. ప్యాకింగ్ అంటే ఏమిటో చెప్పాను. రెండు ఇనుప ముక్కలు మూతికి మూతి ఆనించి ఎంత బిగించినా నడుమ నుంచి నూనె కారుతుంది, మధ్యలో సరిగ్గా అదే ఆకారంలో కాగితం ఉండాలి, అంచుకు అంచు, రంధ్రానికి రంధ్రం.

"లైనింగ్ అన్నట్టు."

"లైనింగ్ కాదు."

"సరే. ఆది ఏదీ?"

ఆది అంటే కొలతకు ఇచ్చే పాత జాకెట్టు. ఇంజనుకు ఆది ఏముంటుందే అని నేను నవ్వుతుంటే, డబ్బాలో పడి ఉన్న పాత ప్యాకింగ్ ముక్కలు ఏరుకుని పోయింది. పాత పేపరు మీద పరిచి, ఏది ఎక్కడిదో చూసి, గంజితో అతికించింది. రెండు ముక్కలు మిగిలాయి. వాటి చోటు ఆమెకు దొరకలేదు.

"కుదరదు. ఇది నీ జాకెట్టు కాదు" అన్నాను.

"నాకెర్కనే. ముడుచుకపోయిన ఆది మీద కోస్తే కొత్తది గూడ ముడుచుకపోయినట్టే వస్తది. మనిషికే కొలత పెట్టాలె. ఆ కవరు ఇటియ్యి."

కవరు ఇచ్చాను. కాసేపు ఆడుకుని తిరిగి ఇస్తుందిలే అనుకున్నాను.

ఆగస్టు 31, మంగళవారం

ఉమ కవరును వెల్లకిలా పెట్టింది. దాని మీద ఒక పెళ్ళి శుభలేఖ. శ్రావణంలో మా ఇంట్లో శుభలేఖలకు కరువు లేదు. సూది తీసుకుని, వేలితో తడుముతూ అంచు వెంట చుక్క చుక్కగా పొడుచుకుంటూ పోయింది. లోపలి అంచు, బయటి అంచు, బోల్టు రంధ్రాలు. శుభలేఖ ఎత్తి చూస్తే దాని మీద ముగ్గు చుక్కలు పెట్టినట్టు ఇంజను కనిపించింది. చుక్కలు కలుపుతూ కత్తెర తిప్పింది. కత్తెర ఎక్కడా ఆగలేదు, కాగితమే కత్తెరకు ఎదురొచ్చింది.

కవరు మీద పెట్టి చూశాను. సరిపోయింది.

నేను సుత్తితో కొడితే గంట పట్టేది. ఆమెకు పదిహేను నిమిషాలు పట్టింది. అయితే ఏం, ఎక్కడ ఏముండాలో చెప్పింది నేను. కత్తెర ఆమె పట్టుకుంది, అంతే. బుర్ర నాది.

సెప్టెంబర్ 1, బుధవారం

పంపుసెట్లకు వాడే నూనె తాగని షీటు హార్డ్‌వేర్ దుకాణం నుంచి తెప్పించాను. అసలు ప్యాకింగులు ఇక దాని మీదే.

బోల్టు రంధ్రాలు కత్తెరతో రావు. బేరింగులోని ఉక్కు గుండును రంధ్రం మీద పెట్టి ఒక్క దెబ్బ కొడితే బిళ్ళలాగా కాగితం ఊడి కింద పడుతుంది. గుండును వేళ్ళతో పట్టుకోవాలి, ఇంకో చేత్తో కొట్టాలి. పట్టీలోంచి బయటికున్న నా కుడి వేళ్ళు గుండును పట్టుకోగలవు గాని, ఎడమ చేతి సుత్తి సంగతి తెలిసిందే. అందుకని నేను పట్టుకున్నాను, ఉమ కొట్టింది.

"వేలుకు తగిలితే?" అంది.

"తగిలితే తగిలింది. ఎట్లాగూ విరిగిన చెయ్యే."

ఆమె నవ్వలేదు. సుత్తి ఎత్తి అట్లానే పట్టుకుంది. పెళ్ళయి పదిహేడేళ్ళు. నా చేతిని అంత శ్రద్ధగా ఆమె ఎప్పుడూ చూడలేదు. కొట్టింది. బిళ్ళ ఊడిపడింది. తొమ్మిది రంధ్రాలు, తొమ్మిది దెబ్బలు. ఒక్కటీ తప్పలేదు. నాకు చిన్నపిల్లాడిలాగా ఇంకో తొమ్మిది ఉంటే బాగుండు అనిపించింది.

సెప్టెంబర్ 2, గురువారం

ఇవాళ బ్లాక్ ప్యాకింగ్. ఇంజను దిమ్మె కింద వేసేది. నడుమ పిస్టన్ దిగడానికి పెద్ద గుండ్రం, పక్కల పెట్రోలు ఆవిరి పైకెక్కడానికి రెండు కిటికీలు. నేను దగ్గరుండి కోయించాను. ఆమే స్పానర్ పట్టింది. అడ్డంగా ఒకటి విడిచి ఒకటి నట్లు బిగించాలని చెబితే, "రవిక చంక గూడ గట్లనే, ఒక్క దిక్కే గుంజి కుట్టద్దు" అంది.

ప్రతిదానికీ జాకెట్టే.

సెప్టెంబర్ 3, శుక్రవారం

హన్మంతన్న వచ్చి కిక్కు కొట్టాడు. మూడో కిక్కుకు పట్టుకుంది. ఆ చప్పుడు వినగానే నా కాళ్ళు నేల మీద ఆనలేదు. మొయినాబాద్ దిక్కు పోయాడు.

అరగంటకు తోసుకుంటూ వచ్చాడు.

"నూనె కారుతలేదు నాగేందర్. బండి గూడ నడుస్తలేదు."

మెల్లగా పోతుందట, ఎత్తు ఎక్కదట, ముక్కుతుందట. కార్బొరేటర్ అయి ఉంటుంది.

సెప్టెంబర్ 4, శనివారం

కార్బొరేటర్ కాదు. ప్లగ్గు.

సెప్టెంబర్ 5, ఆదివారం

ప్లగ్గు కాదు. సైలెన్సర్‌లో మసి ఉండొచ్చు. ప్యాకింగును అనుమానించే పనే లేదు. నేను దగ్గరుండి చూశాను.

సెప్టెంబర్ 6, సోమవారం

సైలెన్సర్ కడిగాం. మసి లేదు. ఇక దిమ్మె లేపక తప్పలేదు. ఉమ నట్లు విప్పింది, ఇద్దరం కలిసి దిమ్మె లేపాం. ఆమె వంగి చూసింది.

"ఏమయ్యా, ఆ కిటికీలు ఇనుముల అంత పెద్దగున్నయ్ గదా, కాగితంల ఇంత సన్నగ ఉండాల్నా?"

చూశాను. కాగితం కిటికీలు ఇనుప కిటికీల్లో సగమున్నాయి. మిగతా సగం కాగితం అడ్డంగా నిలబడి ఆవిరిని పోనివ్వడం లేదు. బండికి ముక్కు మూసి పరుగెత్తమన్నట్టు.

ఉమ నాలుక కరుచుకుంది. తర్వాత నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత బల్ల పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"కుట్టుకి ఇడిసిన! అయ్యో, కుట్టుకి ఇడిసిన!"

జాకెట్టు కోసేటప్పుడు గీత మీద కోయరు. కుట్టు పడాలి కదా, గీతకు అవతల కొంచెం గుడ్డ వదిలి కోస్తారు. పదిహేనేళ్ళుగా ఆమె కత్తెర ఏ గుడ్డ మీదా గీత మీద నడవలేదు. శుభలేఖ మీద చుక్కల వెంటే పోయింది గాని, షీటు నల్లగా ఉందని సుద్దతో గీత గీసింది. సుద్ద గీత కనబడగానే చెయ్యి తన అలవాటు ప్రకారం పక్కకు జరిగి నడిచింది. నడుమ గుండ్రం మాత్రం పిస్టన్ పెట్టి నేనే కోయించాను. కిటికీల దగ్గరికి వచ్చేసరికి టీ వచ్చింది. నేను టీ తాగుతున్నాను. బయటి అంచు కూడా దిమ్మె దాటి కొంచెం బయటకు వచ్చింది, చూశాను కూడా. అందం కోసం అనుకున్నాను. పంతొమ్మిదేళ్ళ మిస్త్రిని, అందం కోసం అనుకున్నాను!

"మల్ల రేపు లావైతే ఇప్పుకోవచ్చని ఇడిసినవా?" అన్నాను.

అంతే, ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నాకు విరిగిన చెయ్యి నొప్పి పుట్టేదాకా నవ్వాను. కృష్ణమ్మ జాకెట్టు కోసం వచ్చి గడప దగ్గర నిలబడి, విప్పిన ఇంజను ముందు ఇద్దరమూ కళ్ళనీళ్ళు తుడుచుకోవడం చూసి, ఏం నష్టం జరిగిందో అనుకుని చప్పుడు చేయకుండా తిరిగి పోయిందట.

మళ్ళీ కోసింది. ఈసారి సుద్ద వద్దంది, సూది చుక్కలే. నేను టీ తాగలేదు.

సెప్టెంబర్ 7, మంగళవారం

పోయింది! బండి పోయింది! హన్మంతన్న మొయినాబాద్ దాటి చిలుకూరు దారి దాకా పోయి వచ్చాడు. బండి ఆపి వంగి, ఇంజను కింద వేలితో తడిమి చూశాడు. వేలు పొడిగా ఉంది. ఆ వేలు నాకు చూపించాడు.

"కొత్తప్పుడు గూడ గిట్ల ఉరకలే నాగేందర్! ఒంటి చేత్తోటి ఎట్ల కోసినవ్?"

టీ హోటల్ దగ్గర నలుగురైదుగురు ఉన్నారు. అందరూ నన్నే చూస్తున్నారు.

"ఎడమ చెయ్యికి అలవాటు జేసిన హన్మంతన్నా" అన్నాను.

నోరు జారింది. జారిందేం లేదు, నేనే అన్నాను. పరదా వెనక కుట్టుమిషన్ నడుస్తోంది. ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ నడిచింది.

హన్మంతన్న నా భుజం తట్టి పోయాడు. హోటల్ వాళ్ళు టీ పంపించారు. చాలా రోజులకు మనిషిలాగా అనిపించింది.

సెప్టెంబర్ 8, బుధవారం

ఉమ మామూలుగానే ఉంది.

సెప్టెంబర్ 9, గురువారం

మామూలుగానే ఉంది. కూర కూడా బాగా చేసింది.

హన్మంతన్న మార్కెట్లో అందరికీ చెప్పాడట. ఒక్కరోజులో మూడు వచ్చాయి. శంకర్‌పల్లి నుంచి ఒక పాత రాజ్‌దూత్, మొయినాబాద్ నుంచి ఒక పాత స్కూటర్, ఆఖరికి చెరుకు రసం మిషన్ ఇంజను కూడా. "ఎడమ చెయ్యి నాగేందర్ దుకాణం ఇదేనా?" అని అడుగుతున్నారు. మీసం మీదికి చెయ్యి పోబోయింది. కుడి చెయ్యి కదా, పట్టీ తగిలింది.

సెప్టెంబర్ 10, శుక్రవారం

రాజ్‌దూత్ కవరు తీసుకుపోయి ఉమ ముందు పెట్టాను. జాకెట్టుకు అంచు కుడుతోంది. తలెత్తలేదు.

"నీ ఎడమ చెయ్యి ఉన్నది గదా" అంది.

కోపంగా అనలేదు. బియ్యం డబ్బాలో ఉన్నాయి అన్నట్టు అంది.

సరే. ఉంది కదా.

సెప్టెంబర్ 11, శనివారం

షీటు బాగాలేదు.

సెప్టెంబర్ 12, ఆదివారం

షీటు బాగాలేదు. కత్తెర కూడా మొండిగా ఉంది. ఎడమ చేతికి రాత వచ్చింది గాని కోత రాలేదు. రాజ్‌దూత్ ఆయన రెండుసార్లు వచ్చి పోయాడు. రేపు రమ్మన్నాను.

సెప్టెంబర్ 13, సోమవారం

ఇవాళ అడిగేశాను. "కోపమా?" అని.

"ఎందుకు?"

"పేరు నేను చెప్పుకున్నందుకు."

మిషన్ ఆపింది. దారం తెంపింది. నింపాదిగా అంది.

"నాకు పేరు ఎందుకయ్యా? కోసింది నేనని ఊరంత డప్పు కొట్టుమన్ననా? నువ్వు ఇరవై ఏండ్లసంది చేస్తున్న పని, నేను రెండు దినాలు చేస్తినని అది నాదైతదా? కాని హన్మంతన్న అడిగిన నాడు నువ్వు నా దిక్కు సూడలే. పరదా దిక్కు గూడ సూడలే. ఈడ మనిషి ఉన్నదని యాదికి రానట్టే అన్నవ్."

ఆమె మళ్ళీ మిషన్ తొక్కింది.

సిగ్గేసింది. ఇక్కడ రాసుకోవడానికి కూడా సిగ్గేస్తోంది. కాని ఇది నా ఒక్కడి డైరీ, ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఇంకెక్కడ నిజం రాస్తాను? ఆగస్టు 31 దగ్గర "బుర్ర నాది" అని రాశాను చూడు, అది అబద్ధం. సూదితో చుక్కలు పొడవాలన్న ఆలోచన నాకు పంతొమ్మిదేళ్ళలో రాలేదు. చూశాను కూడా, ఎంత బాగుందో అనుకున్నాను కూడా. ఆ మాట ఆమెతో అనలేదు.

రేపు ఆమెతో చెబుతాను.

సెప్టెంబర్ 14, మంగళవారం

రేపు.

సెప్టెంబర్ 15, బుధవారం

చవితి ఎల్లుండి కాక ఆవలెల్లుండి. బల్ల మీద మూడు ఇంజన్లు, ఒక్కదానికీ ప్యాకింగ్ లేదు. గోవర్ధన్ హోటల్ ఫోనుకు చేశాడు, రేపు వస్తాడట. హన్మంతన్న బండి నడిస్తే దుకాణం ఉంచుతానని రాసుకున్నాను, నడిచింది గాని నా చేత్తో కాదు. గోవర్ధన్‌కు సరే అంటే బాగుంటుందేమో. టోపీ పెట్టుకుంటే ఎవరూ ఏ చేత్తో కోశావని అడగరు.

సెప్టెంబర్ 16, గురువారం

అంతా రాస్తాను. ఎంతసేపు పట్టినా సరే.

పదిన్నరకు హన్మంతన్న వచ్చాడు. వెనక సీటు మీద ప్రొద్దుటూరు మల్లప్ప, అతని ఒళ్ళో గోనెసంచి, సంచిలో అతని బండి క్లచ్చు కవరు. మల్లప్ప దిగీ దిగగానే నా పట్టీని చూశాడు. తర్వాత నా ఎడమ చేతిని చూశాడు.

"మల్లప్ప నమ్ముతలేడు నాగేందర్" అన్నాడు హన్మంతన్న. "ఒంటి చేత్తోటి, అది గూడ ఎడమ చేత్తోటి ప్యాకింగ్ ఎట్ల కోస్తడంటున్నడు. జర కోసి సూపియ్యి. ఈయన నోరు మూస్త."

అప్పుడే బస్సు ఆగింది. గోవర్ధన్ దిగాడు. హోటల్ దగ్గరున్న వాళ్ళు గ్లాసులు పట్టుకునే లేచి వచ్చారు. నా దుకాణం ముందు ఇంతమంది నిలబడి ఎన్నాళ్ళైందో. ఎప్పుడు నిలబడకూడదో అప్పుడే నిలబడ్డారు.

షీటు తీశాను. కత్తెర ఎడమ చేతిలోకి తీసుకున్నాను. కవరు మీద షీటు పెట్టాను. పరదా వెనక మిషన్ టకటకా నడుస్తూనే ఉంది. ఆమెకు అన్నీ వినపడుతున్నాయి.

"షీటు బాగా..." అని మొదలుపెట్టాను.

అక్కడ ఆగిపోయాను. కత్తెర కింద పెట్టి వెనక్కి తిరిగాను. పరదా వైపు చూశాను. అందరూ చూసేటట్టు చూశాను. మిషన్ ఆగింది.

"నేను కోయలే" అన్నాను. "నాకు ఎడమ చేత్తోటి కోయరాదు. హన్మంతన్న బండిది గూడ నేను కోయలే. ఉమ కోసింది. సూదితోటి చుక్కలు పెట్టి, కత్తెరతోటి. నేను ఆనాడు మీ అందరి ముంగట అబద్ధమాడిన."

ఒకడు టీ జుర్రాడు. గోవర్ధన్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తల కొట్టేసినట్టవుతుందని ఇన్నాళ్ళూ భయపడ్డాను. తల ఉన్నచోటే ఉంది. పైగా తేలిగ్గా ఉంది.

ముందు తేరుకున్నది మల్లప్ప.

"జాకెట్లు కుట్టే ఆమె కోసిన కాగితం ఇంజన్ల ఏస్తరా?"

హన్మంతన్న తన బండి వైపు చూశాడు. ఒకసారి పరదా వైపు చూశాడు. తర్వాత మల్లప్పతో అన్నాడు.

"నా బండి తొమ్మిది దినాలసంది దాని మీదనే గుడిమల్కాపూర్ పోయొస్తున్నది. నువ్వు ఇప్పుడు కూసొని వచ్చింది గూడ దాని మీదనే. నీ బండి నెలసంది కొట్టంల బర్ల పక్కన పండుకున్నది. ఏస్తరో ఏయరో నువ్వే ఆలోచన జెయ్యి." తర్వాత గొంతు పెంచి, "ఉమా, జర ఇటు రా బిడ్డా" అన్నాడు.

పరదా వెనక నుంచి మాట వచ్చింది.

"కృష్ణమ్మ జాకెట్టుకు హుక్కులు కుడుతున్న. అయినంక వస్త. ఆగుమను."

ఆగాం. అయిదు హుక్కులు కుట్టేదాకా ఇంతమంది మగవాళ్ళం నిలబడి ఎదురుచూశాం. ఎవరూ కదల్లేదు. నాకు లోపల ఎంత నవ్వు వస్తోందో, ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. హోటలతను మధ్యలో పోయి పొయ్యి తగ్గించి వచ్చాడు.

వచ్చింది. మెడలో టేపు, చేతిలో కత్తెర. నావైపు ఒక్కసారి చూసింది. ఆ చూపు గురించి ఇక్కడ రాయను, అది నాకు యాదికుంటుంది. కవరు తీసుకుని అటూ ఇటూ తిప్పి, వేలితో అంచు తడిమింది.

"ఈడ ఎవరో సుత్తితోటి కొట్టిన్రు. గంటున్నది."

"అది నేను కాదు" అన్నాను గబగబా. అందరూ నవ్వారు. నిజంగానే అది నేను కాదు.

బల్ల మీద కవరు వెల్లకిలా పెట్టి, పైన షీటు పరిచింది. సూదితో పొడుచుకుంటూ పోయింది. కోసింది. చుక్కల మీదే కోసింది, ఒక్క నూలు కూడా బయటకు వదల్లేదు. నేను గుండు పట్టుకున్నాను, ఆమె కొట్టింది. మల్లప్ప ప్యాకింగును కవరు మీద పెట్టి, రంధ్రాల్లోంచి ఒక్కో బోల్టు దించి చూశాడు. అన్నీ దిగాయి. ఆఖరి బోల్టు దిగాక కవరు ఎత్తి ఎండకు పెట్టి, ఎక్కడైనా వెలుతురు కనబడుతుందేమోనని చూశాడు. ఎక్కడా కనబడలేదు.

"అక్కా," అన్నాడు, గొంతు మారిపోయింది, "దీని గేరు బాక్సుది గూడ ఉన్నది. మధ్యాహ్నం తెస్త, కోసి పెడ్తవా?"

"చవితి జాకెట్లున్నయ్. బల్ల మీద మూడు ఇంజన్లున్నయ్. సోమారం రా."

మల్లప్ప తల ఊపాడు. షోరూములో చల్లటి గదిలో కూర్చున్న వాడు కూడా అంత మర్యాదగా తల ఊపడు.

జనం పలచబడ్డాక గోవర్ధన్ నా పక్కకు వచ్చాడు. సెల్‌ఫోను చేతిలో ఉంది.

"బావా, ఇయ్యాల పేర్లు ఇయ్యాలె. నీ గురించి ఏం చెప్పాలె?"

"నాకు పని దొరికిందని చెప్పు."

"ఏడ?"

"మీ అక్క దగ్గర."

వాడు పగలబడి నవ్వాడు. హన్మంతన్న నవ్వాడు. ఉమ మాత్రం నవ్వలేదు. కత్తెర మీద అంటుకున్న కాగితం పొడి ఊదుకుంటూ, తలెత్తకుండానే అంది.

"నేనింకా పెట్టుకోలే."

సెప్టెంబర్ 17, శుక్రవారం

పెట్టుకుంది. టీలు తేవడం కూడా నా పనేనట.